మైకులో చెప్పిన మాట

ఉషారాణి వెళ్ళేటప్పటికి ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. కోడలు వెంకటదుర్గ చేపలమ్మి ఇంకా రాలేదు. కొడుకు రాముడు వల తీసుకుని గోదావరి మీదకి పోయాడు. లోపల నవారు మంచం మీద లోవలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరగబోయి, నొప్పి రావడంతో మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరూ, ఉషమ్మా?"

నేనేనండి పిన్నిగారూ అంటూ ఉషారాణి స్టూలు లాక్కుని కూర్చుంది. భుజానికున్న సంచిలోంచి బైబిలు తీస్తూనే ఫోను వైపు చూసుకుంది. ఆ సాయంత్రం నుంచే ఊళ్ళో ఉజ్జీవ కూటాలు. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే నాయకురాలు. పాటల జట్టుని పోగెయ్యాలి, బయట ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళ భోజనాలు చూసుకోవాలి. కుట్టాల్సిన జాకెట్లు మిషను పక్కన గుట్టగా పడి ఉన్నాయి. ఈ ఏడాది కూటాలకి నిత్యత్వాన్ని అంశంగా పెట్టారు. ఈ లోకం నాలుగు రోజులది, అసలు బతుకు ఆ తరవాత మొదలవుతుంది అని కరపత్రం మీద అచ్చు వేయించింది కూడా ఆవిడే.

రాజమండ్రి ఆసుపత్రిలో లోవలక్ష్మి కడుపులో గడ్డ చూసి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టండి అన్నారు. అప్పటినుంచి ఉషారాణి వీలు చూసుకుని వచ్చి వాక్యం చదివి, ప్రార్థన చేసి వెళుతోంది. మంచానికి ఎదురుగా గోడమీద సత్తెమ్మ తల్లి పటం ఉంది. లోవలక్ష్మి ఆ పటాన్నీ తియ్యలేదు, ఉషారాణిని రావద్దనీ అనలేదు. చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది.

ఆ రోజు చదువుతున్నంతసేపూ లోవలక్ష్మి చెయ్యి తలలోనే ఉంది. గోళ్ళతో గీరుకోవడం, చెయ్యి అలిసిపోయి దిండు మీద వాలిపోవడం, మళ్ళీ లేవడం. ఒకప్పుడు నెత్తిన చేపల బేసిను పెట్టుకుని, పిడికిట్లో పట్టనంత ముడితో వీధి వెంట నడిచిన మనిషి. ఆ జుట్టు ఇప్పుడు ఉండలు కట్టి, చెమటకీ నూనెకీ జిగురై, దిండుకి అంటుకుని ఉంది. దగ్గరికి వంగితే వాసన వస్తోంది. ఉషారాణి స్టూలు కొంచెం వెనక్కి జరుపుకుంది.

ప్రార్థన అయ్యాక లోవలక్ష్మి మెల్లిగా అడిగింది. ఒక పూట ఉండి తలంటు పోసుకోవడానికి సాయం పట్టగలవా అని. దుర్గ ఒళ్ళు తుడుస్తుంది, గుడ్డలు మారుస్తుంది, అన్నం తినిపిస్తుంది. తల మాత్రం ఒక్కదాని వల్ల కావడం లేదు. ఒకరు మెడ కింద చెయ్యి వేసి ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు నీళ్ళు పొయ్యాలి. మగపిల్లాడిని అలాంటి పనికి పిలవడం తనకి సిగ్గు.

"తప్పకుండా పిన్నిగారూ. ఈ కూటాలు అయిపోనివ్వండి, వచ్చేస్తాను," అంది ఉషారాణి, సంచి సర్దుకుంటూ. "ఈలోగా మీరు ఆత్మ సంగతి ఆలోచించుకోండి. కాలం చాలా కొద్దిగా ఉంది."

లోవలక్ష్మి ఆవిడ మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగినట్టుగా అడిగింది.

"చచ్చిపోయాక కూడా మీకు బోలెడంత టైముంటుందంటావు కదమ్మా. మరి ఎప్పుడు చూసినా అంత తొందరగా ఉంటావేంటి?"

ఉషారాణి నవ్వేసింది. అప్పుడే ఫోను మోగింది. షామియానా వాళ్ళు. మాట్లాడుతూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటపడింది.

*

చర్చి పక్క ఖాళీ స్థలంలో షామియానా వేసి, కొబ్బరి చెట్లకి హారన్లు కట్టారు. వాటి గొంతు ఊరంతా, గట్టు దిగితే రేవుదాకా వినపడుతుంది. పాటలు అయ్యాయి. దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పవలసిన మనిషి మండపేట నుంచి రావాలి, బస్సు దొరక్క రాలేదు. చర్చి పాస్టరు అయ్యగారి భార్య వెనక్కి తిరిగి, మీరు చెప్పండమ్మా ఉషారాణీ అని చెయ్యి ఊపింది.

మైకు పుచ్చుకున్నప్పుడు ఏం చెప్పాలో ఆమె అనుకోలేదు. పొద్దున్న చూసిన మంచమే కళ్ళముందుంది. లోవలక్ష్మి పేరు చెప్పింది, జబ్బు చెప్పింది, తాను వెళ్ళి వాక్యం చదవడం చెప్పింది. అంతవరకూ జరిగిందే. ఆ జుట్టు గురించి చెప్పేసరికి షామియానాలో మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు చంటిపిల్లల నోళ్ళకి చేతులు అడ్డం పెట్టారు. ఆ నిశ్శబ్దం ఆమెని ముందుకి తోసింది.

"ఇంట్లోవాళ్ళు కూడా ముట్టుకోని ఆ తలని నేను నా చేతులతో కడిగానండి. కుంకుడు పులుసు పోసి, చిక్కు తీసి, తుడిచాను. ప్రభువు పాదాలు కడుగుతున్నట్టే అనిపించింది."

అబద్ధం ఆడాలని మైకు అందుకోలేదు. రేపో ఎల్లుండో చెయ్యాలనుకున్నదే కదా అని ఒక పక్క మనసు చెబుతూనే ఉంది. ఎదురుగా కూర్చున్న రాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. రాణి సంఘపెద్ద చంద్రరావుగారి భార్య. ఏ సాక్ష్యానికీ తొందరగా కరిగే మనిషి కాదు. కిందకి దిగగానే ఆమె ఉషారాణిని దగ్గరికి తీసుకుని, రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఇంటికి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో భర్త అశోక్ పక్కన కూర్చుంది. అతను రావులపాలెం మార్కెట్టుకి అరటిగెలలు తోలే బండి అది. వెనక రాలిన అరటాకు ముక్కలు గాలికి కొట్టుకుంటున్నాయి. అశోక్ రోడ్డు చూస్తూనే, మామూలుగా అడిగాడు, ఎప్పుడు పోశావు తలంటు, నిన్నంతా మిషను దగ్గరే ఉన్నావు కదా అని. మధ్యాహ్నం నువ్వు లేనప్పుడు, అంది. అతను తల ఊపాడు. మైకులో ఒకసారి, బండిలో ఒకసారి. ఈ రెండోదానికి చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా లేరు.

*

మర్నాడు మిషను ముందు కూర్చుంది. ఎవరిదో పెళ్ళి జాకెట్టు, చేతులకి పైపింగు వెయ్యాలి. వీధి చివర "చేపలమ్మా చేపల్" అన్న కేక వినపడింది. వెంకటదుర్గ రోజూ ఆ గుమ్మం దగ్గర ఆగి, ఏమండీ ఉషారాణిగారూ, శీలావతులు తెచ్చాను అని పిలిచి వెళ్ళేది. ఇవాళ తల తిప్పకుండా ముందుకి పోయి పక్కింటి అరుగు మీద బేసిను దించింది.

పక్కింటావిడ మాటలు గోడ అవతలి నుంచి స్పష్టంగా వినపడుతున్నాయి. అత్త తలకి నీళ్ళు పొయ్యడానికి తీరికలేదు గానీ బేరాలాడటానికి ఎక్కడలేని ఓపికా ఉందంటోంది. పరాయివాళ్ళొచ్చి కడగాల్సి వచ్చిందట, మీ ఆయన చెవినపడలేదా అంటోంది. ఇంకెవరో అందుకుని, ముసలావిడ అలా మురిగిపోతుంటే మీకు అన్నం ఎలా దిగుతోందే అన్నారు.

వెంకటదుర్గ వైపునుంచి కత్తిపీట మీద చేప తెగుతున్న చప్పుడు మాత్రం వినపడింది, తలా, తోకా, మధ్య ముక్కలూ.

ఉషారాణి కాలు పెడలు మీద ఆగిపోయింది. లేచి గుమ్మం దాటితే చాలు. నాలుగడుగుల్లో ఆ అరుగు. అలా కాదండి, ఆ అమ్మాయే అన్నీ చేస్తోంది, నేనే ఏమీ చెయ్యలేదు అంటే సరిపోతుంది. లేవాలనుకుంటూనే చేతిలోని గుడ్డని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. కేక పక్క వీధిలోకి వెళ్ళిపోయింది. చూసుకుంటే పైపింగు తిరగేసి కుట్టి ఉంది. బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టే ఊడదీస్తూ కూర్చుంది.

కాసేపటికి అయ్యగారు ఫోను చేశాడు. కిరణ్ కుమార్ వయసులో ఆమెకంటే చిన్నవాడు, ఈ సంఘానికి కొత్తగా వచ్చాడు. మీ సాక్ష్యం వీడియో ముక్క ఎవరో గ్రూపుల్లో పెట్టారమ్మా, చాలామంది చూస్తున్నారు, రాజమండ్రిలో స్త్రీల మహాసభకి మిమ్మల్ని మాట్లాడమంటున్నారు అన్నాడు సంతోషంగా.  సరేనండి అయ్యగారూ, అంది.

*

ఆ సాయంత్రం కూటానికి వెళ్ళింది గానీ వెనక వరసలో కూర్చుంది. తెల్లవారాక కుంకుడుకాయలు కొట్టి, గింజలు ఏరి, సంచిలో వేసుకుని లోవలక్ష్మి ఇంటికి బయలుదేరింది. ఇప్పుడైనా పోసేస్తే ఆ మాట నిజమైపోతుంది, ముందూ వెనకా తేడా ఎవరికి తెలుస్తుంది అనుకుంది. ఎవరూ లేని వేళ చూసుకునే వెళ్ళింది. తీరా వెళ్ళేసరికి వెంకటదుర్గ ఇంట్లోనే ఉంది. ఆ రోజు చేపలకి వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చుని పాత వల ముడులు విప్పుతోంది.

"మా అత్త పడుకుందండి," అంది, లేవకుండా.

ఉషారాణి సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కూర్చోమని ఆ పిల్ల అనలేదు. వలమీదే చూపు పెట్టి, నిన్న జరిగింది చెప్పింది. లోవలక్ష్మి అన్న సత్తియ్య అవతలి గట్టున ఉంటాడు. మైకు మాట ఆయనదాకా పోయింది. పడవ దిగి, రేవులోంచే తిట్టుకుంటూ వచ్చాడు. మా చెల్లెల్ని ఇలా చూస్తారా, ఇప్పుడే తీసుకుపోతాను అని వీధిలో నిలబడి అరిచాడు. అది విన్న లోవలక్ష్మి కోడల్ని పిలిచి, తువ్వాలు తెచ్చి తలకి చుట్టమంది. చెవులదాకా కప్పమంది. అన్న లోపలికి వచ్చేసరికి, ఇప్పుడే తడి ఆరుతోంది అన్నయ్యా, గాలి తగిలితే పడిశెం పడుతుందని చుట్టారు అంది.

"ఎవరు పోశారే అని అడిగాడండి. ఇద్దరూ కలిసి పోశారు అంది. దుర్గ మెడ పట్టుకుంది, ఉషమ్మ నీళ్ళు పోసింది అంది. ఆయన నమ్మాడండి. కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్ళిపోయాడు."

ఉషారాణి చేతిలోని సంచిని కొంగు చాటుకి లాక్కుంది.

"మీరొచ్చి కూర్చుంటారు, చదువుతారు, వెళ్ళిపోతారు. అది కూడా మంచిదేనండి, ఆవిడకి మనిషి అలికిడి కావాలి," అంది వెంకటదుర్గ. ముడి విప్పుతున్న వేళ్ళు ఆగాయి. "కానీ మేం ముట్టుకోలేదని చెప్పారు చూడండి. రోజూ ఆ గుడ్డలు గోదాట్లో ఉతికేది నేనండి."

 తప్పయిపోయింది దుర్గా అంటే ఆ మాట ఎంత తేలికగా ఉందో తనకే వినిపించింది. చెప్పులు విడిచి, సంచిలోంచి కుంకుళ్ళు తీసి చూపించి, నీళ్ళు కాస్తావా అని అడిగింది. వెంకటదుర్గ చాలాసేపు ఆ కాయలవైపు చూసి, వల పక్కన పడేసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

తువ్వాలు విప్పడమే కష్టమైంది. నిన్నటినుంచి అలాగే ఉంది. లోవలక్ష్మి కళ్ళు తెరిచి, ఎవరో చూసి, తనే చేత్తో దాన్ని సడలించుకోబోయింది. ఉషారాణి ఆ చెయ్యి పట్టుకుని పక్కన పెట్టి, మెల్లిగా విప్పింది. వాసన గుప్పుమంది. ఈసారి వెనక్కి జరగలేదు.

ఇద్దరూ కలిసి ఆమెని మంచం తలవైపు అంచుకి జరిపారు. మెడ కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని కొస బకెట్టులోకి దించారు. ముందు కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఉండలకి పట్టించారు. వెంకటదుర్గ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అరచేతిలో తల మోసింది. ఉషారాణి చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు వంచింది. నీళ్ళు నల్లగా దిగాయి. కుంకుడు నురగ కళ్ళలో పడకుండా ఎడమచెయ్యి నుదుటికి అడ్డం పెట్టింది. ఆ నుదురు ఎంత చిన్నదో, తన అరచేతి కింద ఎంత వేడిగా ఉందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ వచ్చి కూర్చుంది గానీ ఆ మనిషిని ఒక్కసారీ ముట్టుకోలేదు.

చిక్కు తియ్యడం ఒక పట్టాన తెగలేదు. కొస పట్టుకుని, కుదురు లాగకుండా, ఒక్కొక్క పాయే విడదియ్యాలి. కొన్నిచోట్ల వేళ్ళతో, కొన్నిచోట్ల దువ్వెన పంటితో. నడుముకి దోపుకున్న ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. కూటం దగ్గర వంటవాళ్ళు అయ్యుంటారు. తియ్యలేదు. కాలం కొద్దిగా ఉందని ఈ మంచం పక్కనే కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అంతులేని కాలం ఉందని నిజంగా నమ్మినదాన్ని అయితే ఈ తలకి ఒక పూట ఇవ్వడానికి నాకెందుకు చేతులు రాలేదు? చివరికి మిగిలేవి కూటాలూ, మైకులూ కావు, మనుషులే అని తానే పిల్లలకి సండే స్కూల్లో చెబుతుంది. ఆ మిగిలే మనుషుల్లో లోవలక్ష్మి ఉంటే, ఆ రోజు ఎదురుపడితే, ఏ మొహం పెట్టుకుని చూస్తుంది? 

"పిన్నిగారూ, నేను మైకులో అబద్ధం చెప్పాను."

"విన్నానులే. హారను ఇటే తిప్పి కట్టారు," అంది లోవలక్ష్మి, కళ్ళు మూసుకునే.  "నా పేరు మైకులో వినపడింది. పుట్టాక ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. బాగానే అనిపించింది. ఆ తరవాత ఈ పిల్ల మొహం చూశాను."

వెంకటదుర్గ తల మోస్తున్న చెయ్యి మార్చుకుంది.

ఉషారాణి ఇంకేమీ దాచుకోలేదు. అందరికీ ఉన్నదున్నట్టు చెబుతాను, మీరు మీ అన్నయ్యగారితో అన్న మాట పోతుందేమో, చెప్పమంటారా అని అడిగింది. లోవలక్ష్మి ఆలోచించింది.

"మా అన్నయ్య దగ్గర మాత్రం చెప్పకు. మిగతా ఊరికి నీ ఇష్టం."

జుట్టు ఆరబెట్టి, రెండు పాయలు చేసి వదులుగా జడ అల్లేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. లోవలక్ష్మి జడని ముందుకి వేసుకుని, కొస వాసన చూసుకుని, అలాగే నిద్రపోయింది.

*

కిరణ్ కుమార్ అంతా విన్నాడు. కోప్పడలేదు. కుర్చీలో ముందుకి వంగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దేవుడి దగ్గర ఒప్పుకున్నారు కదమ్మా, క్షమాపణ దొరికినట్టే, అన్నాడు చివరికి. ఆ సాక్ష్యం విని ఎంతమందో కదిలారు, ఇప్పుడు తిరగేసి చెబితే సంఘానికే మచ్చ, కూటాలు చూసి నవ్వుతారు అన్నాడు. ఆఖరి రాత్రి బయటి ప్రసంగీకులు వస్తున్నారు, మైకు ఇవ్వడానికి సమయం కూడా లేదు.

"రాజమండ్రి వాళ్ళకి మీకు ఒంట్లో బాలేదని చెబుతాలెండి."

"ఒంట్లో బాగానే ఉందండి అయ్యగారూ," అంది ఉషారాణి.

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, సరేనమ్మా, నేనే వేరేగా చెబుతాను అన్నాడు. స్త్రీల సమాజం నాయకత్వం సంగతి పెద్దలతో మాట్లాడాలి అని కూడా అన్నాడు. అది ఆమె ఎదురుచూసిందే. అయినా గేటు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది.

ఆ పూటే అశోక్‌కి చెప్పింది. అతను బండి టైర్లో గాలి చూస్తూ విన్నాడు. నాకెందుకో అప్పుడే అనుమానం వచ్చింది అన్నాడు. అడగలేదేం అంది. నువ్వే చెబుతావని, అని పంపు పక్కన పెట్టి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే రేవుకి వెళ్ళింది. వెంకటదుర్గ సత్తు బేసినులో చేపలు సర్దుకుంటోంది. నీతోపాటు వస్తాను, ప్రతి గుమ్మం దగ్గరా నేనే చెబుతాను అంటే ఆ పిల్ల భయపడింది. వద్దండి, ఊరుకుంటే అదే పోతుంది, ఇంకా గోల అవుతుంది అంది. ఉషారాణి కదల్లేదు. వెంకటదుర్గ చివరికి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, బేసినుకి ఓ చెయ్యి వెయ్యమన్నట్టు చూసింది.

మొదట పక్కింటి అరుగు. ఏమని మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్న మాటలేవీ గుర్తురాలేదు. నేను మైకులో చెప్పింది అబద్ధమండి, ఆ రోజుకి నేను ఆవిడ తల ముట్టుకోలేదు, అన్నీ చేసేది ఈ అమ్మాయే అని ఒక్క గుక్కలో అనేసింది. ఆవిడ చేప మొప్పలు ఎత్తి చూస్తున్నదల్లా ఆగి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మాకెందుకమ్మా మీ గొడవలు అని బేరంలో పడింది. తరవాతి ఇంట్లో కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంకో ఇంట్లో ముసలాయన, పోనీలే, చెప్పావు కదా అన్నాడు. ఒక గుమ్మం దగ్గర విన్నావిడ లోపలికి తిరిగి, చూశారా నేను అనలేదూ అని కేకేసింది. ప్రతిసారీ మొహంలోకి రక్తం ఎక్కేది. రెండోసారి కంటే మూడోసారి తేలికవుతుందనుకుంది, కాలేదు.

ఒకచోట ఆమె ఆగి ఆగి చెబుతుంటే వెంకటదుర్గ మోచేత్తో తట్టింది.

"కొంచెం తొందరగా చెప్పండి, చేపలు మెత్తబడిపోతాయి."

పెద్ద వీధిలో రాణి ఇంటి గేటు ముందు ఉషారాణి నిలబడిపోయింది. తన చేతులు కళ్ళకద్దుకున్న మనిషి. ఊరంతా ఒక ఎత్తు, ఈ గుమ్మం ఒక ఎత్తు. వెంకటదుర్గ బేసిను దించి మెట్టు మీద కూర్చుంది. రాణి వచ్చి, లోపలికి రామ్మా ఉషా అంది నవ్వుతూ. ఉషారాణి మెట్టు ఎక్కకుండా కిందనే నిలబడి చెప్పింది.

రాణి నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద కాసేపు అలాగే ఉండి, తరవాత ఎక్కడికి పోవాలో తెలియనట్టు పోయింది.

"మరి ఎందుకు చెప్పావు?"

"బాగుంటుందని," అంది ఉషారాణి. అంతకంటే ఏమీ దొరకలేదు.

రాణి వెంకటదుర్గ వైపు చూసింది. మొన్న ఈ గుమ్మంలోనే ఏదో అని ఉంటుంది. వెంకటదుర్గ తల ఎత్తలేదు. రాణి లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చి, మెట్టు మీద ఆ పిల్ల పక్కనే కూర్చుని, చేపలు తనే ఏరుకుంది. ఉషారాణితో మళ్ళీ మాట్లాడలేదు. పళ్ళెం తీసుకుని వెళ్ళి, తలుపు వెయ్యకుండా దగ్గరగా చేర్చింది.

వెంకటదుర్గ కత్తిపీట మడిచి, బేసినులో మిగిలిన చేపల మీద తడిగోనె కప్పింది. రెండు వైపులా ఇద్దరూ పట్టుకుని బేసినుని ఎత్తారు. చల్లటి చేపల నీళ్ళు ఉషారాణి చేతి మీదుగా జాకెట్టులోకి కారాయి. తుడుచుకోవడానికి కొంగు తీయబోతే వెంకటదుర్గ అప్పటికే నడక అందుకుంది.

"పదండి, ఇంకా గట్టు వీధి ఉంది."

ఉషారాణి ఆమె వెనకే నడిచింది.